ఒకే అక్షాంశం, వేరే శీతోష్ణస్థితి: ఎడారి తీరంలో తప్పిన ఒక అంచనాపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ చోటు దక్షిణ అమెరికా పసిఫిక్ తీరంలో, మకరరేఖకు దగ్గరలో ఉంది. అంతకు మించి చిరునామా ఇవ్వడం లేదు. ప్రాజెక్టు ఎవరిదో, కచ్చితంగా ఎక్కడో తెలియకుండా ఉండటానికి అక్కడి కొలతలను కూడా గుండుగుత్తగా చేసి రాస్తున్నాం. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కట్టాలి, దానికి కావలసిన కరెంటు పక్కనే వేసే సోలార్ ప్యానెళ్ల నుంచి రావాలి. డిజైన్ ఇంజనీర్లు అడిగినవి మూడు: నెలనెలా నేల మీద పడే సౌరశక్తి, గాలి ఉష్ణోగ్రతా తేమా, నీటిని లోపలికి లాగే గొట్టం మూతి దగ్గర సముద్రపు ఉష్ణోగ్రత.

మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రివర్స్ ఆస్మాసిస్ (ఒత్తిడితో నీటిలోని ఉప్పును వడగట్టే పద్ధతి) పొరల గుండా నీరు దిగే వేగం, పీడనం మార్చకపోతే, నీరు ఒక డిగ్రీ చల్లబడినప్పుడల్లా సుమారు 3 శాతం తగ్గుతుంది. అంచనా ఐదు డిగ్రీలు తప్పితే పంపులు, పొరల సంఖ్య, కరెంటు ఖర్చు, అన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కవేసుకోవలసిందే.

భూమి తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కుల్లో సగం దానివల్లే. సముద్రం ఒడ్డున సన్నని చదును పట్టీ. దాని వెనక కొద్ది కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్ల దాకా నిలువుగా లేచే కొండ గోడ. ఆ గోడ ఎక్కితే పొడి ఎడారి పీఠభూమి.

సమస్య

కేసు మా చేతికి వచ్చేసరికి ఒక అంచనా అప్పటికే తయారై ఉంది. ఏడాది సగటున గాలి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, గొట్టం మూతి దగ్గర నీరు 19 డిగ్రీలు, నేల మీద పడే సౌరశక్తి రాత్రీ పగలూ కలిపిన సగటున చదరపు మీటరుకు 265 వాట్లు. ఆ తర్వాత ఒడ్డున కొలత స్తంభం నిలబెట్టి, సముద్రంలో థర్మిస్టర్ల (ఉష్ణోగ్రత సెన్సర్ల) గొలుసు దింపి ఒక ఏడాది కొలిచారు. వచ్చినవి: గాలి 17, నీరు 14, సౌరశక్తి 205 వాట్లు.

మూడు అంకెలూ ఒకే వైపు తప్పాయి. మూడు వేర్వేరు పొరపాట్లు యాదృచ్ఛికంగా ఒకే వైపు మొగ్గడం అరుదు కాబట్టి, వీటి వెనక ఉమ్మడి కారణం ఏదో ఉందని అనుమానించాం. అయితే అంతకంటే ముందు పరికరాలను చూడాలి. ఇలాంటి తీరంలో, సౌరశక్తిని కొలిచే పైరానోమీటర్ గాజు గుమ్మటం మీద ఉప్పు పేరుకుంటుంది. గుమ్మటాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, తుడవక ముందూ తర్వాతా రీడింగులను పోల్చితే తేడా కొద్ది శాతం మాత్రమే ఉంది. 265కీ 205కీ మధ్య ఉన్న దూరం 23 శాతం. ఉప్పు అంత పని చేయలేదు. ఉష్ణోగ్రత సెన్సర్‌కు నీడ కవచం, లోపల ఫ్యాన్ ఉన్నాయి. పైగా నీడ కవచం సరిగా లేకపోతే రీడింగ్ ఎక్కువ చూపాలి, తక్కువ కాదు. పరికరాలు సరిగ్గానే ఉన్నాయి.

మొదటి అంచనా ఎక్కడి నుంచి వచ్చింది

అది పాఠ్యపుస్తకం ప్రకారం తప్పేమీ లేని లెక్క. సూర్యుడి నుంచి భూమి దూరంలో చదరపు మీటరుకు 1,361 వాట్లు వస్తాయి. భూమి గోళం కాబట్టి, రాత్రి కూడా ఉంటుంది కాబట్టి, గోళం మొత్తం మీద సగటు అందులో నాలుగో వంతు, అంటే 340. ఈ 340 సమంగా పరుచుకోదు. వాతావరణం పై అంచున ఏడాది సగటు భూమధ్యరేఖ దగ్గర 420 వాట్లకు కాస్త అటూఇటూ, ధ్రువాల దగ్గర 170-180, మకరరేఖ దగ్గర 380-390. ఎడారి ఆకాశం నిర్మలంగా ఉంటుందనుకుని అందులో 70 శాతం నేలకు చేరుతుందంటే 265-270 వస్తుంది. సౌరశక్తి అంకె వచ్చిన దారి ఇదే.

ఇక ఎడారి అనే నిర్ణయానికి ఆధారం హాడ్లీ ప్రసరణ. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన తేమగాలి పైకి లేచి, వాన కురిపించి, ఎత్తులో ధ్రువాల వైపు సాగి, 20-30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి ప్రతి కిలోమీటరుకూ 9.8 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, దాని సాపేక్ష తేమ పడిపోతుంది, మేఘాలు విచ్చిపోతాయి. కాబట్టి వాన ఉండదు. ఇంతవరకూ నిజమే. అక్కడ వాన దాదాపు లేదు కూడా. ‘వాన లేదు’ నుంచి ‘మేఘం లేదు’కు దూకిన చోట లెక్క జారింది.

ఈ అక్షాంశ లెక్కకు ఒక చిన్న పరీక్ష ఉంది. అదే అక్షాంశంలో ఖండానికి అవతలి ఒడ్డు చూడండి. చిలీలోని అంతోఫగాస్తా, బ్రెజిల్‌లోని రియో డి జనీరో దాదాపు ఒకే అక్షాంశంలో, సుమారు 23 డిగ్రీల దక్షిణాన, సముద్రం ఒడ్డునే ఉన్నాయి. వాతావరణం పై అంచున రెంటికీ అందే ఎండ ఒకటే. రియో ఏడాది సగటు సుమారు 24 డిగ్రీలు, వాన వెయ్యి మిల్లీమీటర్లకు పైనే. అంతోఫగాస్తా సగటు సుమారు 17 డిగ్రీలు, వాన ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు. ఏడు డిగ్రీల ఈ తేడాకు ఎండ బాధ్యత లేదు. అంచనా వేసే ముందే ఈ పోలిక చేసి ఉంటే, అక్షాంశం ఇక్కడ సగం కథే చెబుతుందని తేలిపోయేది.

మొదటి సవరణ: చల్లని ప్రవాహం పేరుతో మూడు డిగ్రీల కోత

ప్రాజెక్టు బృందం సూచించిన మందు సులువైనది. తీరం వెంట హంబోల్ట్ ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి చల్లని నీటిని మోసుకొస్తుంది కదా, కాబట్టి అన్ని నెలల్లోనూ నీటి ఉష్ణోగ్రత నుంచి మూడు డిగ్రీలు తీసేద్దాం అన్నారు. ఏడాది సగటు కొంత దగ్గరపడింది కానీ నెలలవారీగా చూస్తే కుదరలేదు. వేసవిలో ఇంకా వెచ్చగా, శీతాకాలంలో చాలినంత చల్లగా వచ్చింది. ఒడ్డు నుంచి దూరం వెళ్లే కొద్దీ నీటి ఉష్ణోగ్రత మారే తీరు అసలే కలవలేదు.

ఎందుకు కుదరదో ఒక ముతక లెక్కతో తేలుతుంది. ఆ ప్రవాహం నెమ్మది. సెకనుకు 10 సెంటీమీటర్లు అనుకుంటే రోజుకు 8-9 కిలోమీటర్లు. 40 డిగ్రీల దక్షిణం నుంచి ఇక్కడికి సుమారు 1,900 కిలోమీటర్లు, అంటే ఏడు నెలల ప్రయాణం. దారిలో ఆ నీరు నికరంగా చదరపు మీటరుకు 50 వాట్ల వేడి పుచ్చుకుంటుందని, పై 50 మీటర్ల నీరు ఆ వేడిని పంచుకుంటుందని అనుకుందాం. ఏడు నెలల్లో నాలుగున్నర డిగ్రీలు వేడెక్కిపోతుంది. తెచ్చిన చల్లదనంలో చాలా భాగం దారిలోనే ఖర్చవుతుంది.

రెండో ఆధారం ఇంకా సూటిగా ఉంది. వందల కిలోమీటర్ల వెడల్పున్న ప్రవాహం చల్లదనం తెస్తే, చల్లని పట్టీ కూడా అంతే వెడల్పుండాలి. కొలతల్లో అత్యంత చల్లని నీరు ఒడ్డుకు ఆనుకుని 20-30 కిలోమీటర్ల లోపే ఉంది. పక్క నుంచి వచ్చిన నీరైతే అలా ఉండదు. ఆ నీరు కింది నుంచి వస్తోంది.

రెండో సవరణ: గాలి నుంచి నీటికి

ఉపఉష్ణమండలపు అధికపీడనం అంచున ఇక్కడ గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి, తీరానికి సమాంతరంగా, దాదాపు ఏడాది పొడుగునా వీస్తుంది. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో పైపొర నీరు మొత్తంగా గాలి దిశకు ఎడమ పక్కకు, లంబంగా జరుగుతుంది. ఈ సిద్ధాంతాన్ని స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో ప్రచురించాడు. అంతకుముందు 1893-96లో ఫ్రామ్ ఓడ యాత్రలో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఆర్కిటిక్ మంచు గాలి దిశకు కుడివైపు తొలగిపోతోందని గమనించడమే దీనికి మూలం. ఇక్కడ ఎడమ అంటే పడమర, అంటే ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు. ఒడ్డు గోడలా ఉంది, పక్క నుంచి నీరు రాలేదు. ఖాళీని నింపడానికి కింది చల్లని నీరు పైకి ఉబకాలి. దీన్నే అప్‌వెల్లింగ్ అంటాం.

ఎంత ఉబుకుతుంది? గాలి వేగం సెకనుకు 7 మీటర్లు, గాలి సాంద్రత 1.2, ఘర్షణ గుణకం 0.0013 తీసుకుంటే నీటిపై గాలి లాగుడు చదరపు మీటరుకు 0.076 న్యూటన్లు. దాన్ని సముద్రపు నీటి సాంద్రత 1,025తో, 23 డిగ్రీల దగ్గర భూభ్రమణ ప్రభావాన్ని చెప్పే కొరియాలిస్ విలువ 0.000057తో భాగిస్తే ఒక మీటరు తీరానికి సెకనుకు 1.3 ఘనపు మీటర్ల నీరు బయటికి పోతుందని వస్తుంది. కిలోమీటరు తీరానికి 1,300 ఘనపు మీటర్లు. ఇది 20 కిలోమీటర్ల వెడల్పు పట్టీలో పైకి రావాలంటే నీరు రోజుకు ఐదున్నర మీటర్లు లేస్తుంది. వినడానికి చిన్నదే. కానీ పైకి వచ్చే నీరు పైపొర కంటే 3 డిగ్రీలు చల్లగా ఉంటే, గాలి ఆగని రోజుల్లో అది పైపొర నుంచి తీసేసే వేడి చదరపు మీటరుకు సుమారు 800 వాట్లు. అదే చోట సూర్యుడు సగటున ఇస్తున్నది 205. ఒడ్డు దగ్గర నీటి ఉష్ణోగ్రత మీద ఎవరి మాట చెల్లుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఈ లెక్కలో జారిపడే చోట్లు మూడున్నాయి.

గాలి లాగుడు వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. నెల సగటు వేగం తీసుకుని దాన్ని వర్గం చేస్తే తక్కువొస్తుంది. మధ్యాహ్నం 10, రాత్రి 4 మీటర్ల వేగం ఉన్న రోజు సగటు 7, దాని వర్గం 49. గంటగంటకూ వర్గం చేసి తర్వాత సగటు తీస్తే 58. అంటే 18 శాతం తేడా. సముద్రపు గాలి మధ్యాహ్నం ఉధృతమయ్యే తీరాల్లో ఈ తప్పు ప్రతి రోజూ జరుగుతుంది.

రెండోది ఉపగ్రహాల గుడ్డి పట్టీ. గాలి కొలిచే స్కాటరోమీటర్లు ఒడ్డు నుంచి సుమారు 20 కిలోమీటర్ల లోపు నమ్మదగ్గ విలువ ఇవ్వవు, నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోతుంది. సముద్ర ఉష్ణోగ్రత సంగతీ అంతే. ఇన్‌ఫ్రారెడ్ మేఘం గుండా చూడలేదు, మైక్రోవేవ్ చూడగలదు కానీ నేలకు దగ్గరైతే చెడిపోతుంది. కాబట్టి ఎప్పుడూ మేఘం కమ్మి ఉండే ఒడ్డున, మ్యాపులో అందంగా రంగు వేసి కనిపించే నీటి ఉష్ణోగ్రత నిజానికి దూరపు సముద్రం నుంచి సాగదీసి పూరించినది కావచ్చు. మొదటి అంచనాలోని 19 డిగ్రీలు అలా వచ్చినవే, అదీ ఉపరితలానివి. గొట్టం మూతి ఉన్నది 15 మీటర్ల లోతులో. గ్రిడ్ చేసిన ఏ డేటా తీసుకున్నా, మన చోటులో అసలు కొలతలు ఎన్ని ఉన్నాయో చెప్పే ఫ్లాగును ముందు తెరవాలి. ఆ ఫ్లాగును తెరిచేవాళ్లు తక్కువ.

మూడోది ఒడ్డు వంపు. భూశిరం దాటగానే గాలి వేగం పుంజుకుంటుంది, అప్‌వెల్లింగ్ అక్కడ ముదురుతుంది. ఉత్తరం వైపు తెరుచుకున్న అఖాతాలు గాలి నీడలో పడతాయి, అక్కడ పైనీరు రెండు మూడు డిగ్రీలు వెచ్చగా నిలుస్తుంది. కొన్ని కిలోమీటర్ల తేడాతో మారే ఈ సంగతి 30 కిలోమీటర్ల గ్రిడ్‌కు కనిపించదు.

ఒడ్డు స్తంభం మీది గంటవారీ గాలితో లాగుడు లెక్కగట్టి, ఒకటి నుంచి మూడు రోజుల వెనకబాటుతో థర్మిస్టర్ గొలుసు రీడింగులకు జతచేస్తే నీటి అంచనా డిగ్రీ తేడాలోకి వచ్చింది. నీటి సంగతి తేలింది. గాలి ఉష్ణోగ్రత, సౌరశక్తి ఇంకా తేలలేదు.

ఎత్తు సవరణ తిరగబడిన చోటు

గాలి ఉష్ణోగ్రతలో ఐదు డిగ్రీల తప్పుకు పెద్ద వాటా ఒకే మెట్టులో దొరికింది. గాలి ఉష్ణోగ్రత మొదటి అంచనా రీఅనాలసిస్ డేటా (పాత కొలతలనూ వాతావరణ మోడల్‌నూ కలిపి గడులుగా లెక్కగట్టినది) నుంచి తీసుకున్నది. దాని గడి వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. ఆ గడిలో సముద్రమూ ఉంది, కొండ గోడా ఉంది, పీఠభూమీ ఉంది. సగటు ఎత్తు 600 మీటర్లు, సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలు. స్థలం సముద్రమట్టంలో ఉంది కాబట్టి, కిలోమీటరుకు 6.5 డిగ్రీల మామూలు సూత్రం వేసి నాలుగు డిగ్రీలు కలిపారు. 22 వచ్చింది.

ఎత్తుకు వెళ్తే చల్లబడుతుందన్న ఆ సూత్రం ఇక్కడ మధ్యలో తలకిందులవుతుంది. కింద 15-16 డిగ్రీల సముద్రం తనకు తాకిన గాలిని చల్లబరుస్తోంది. పైనుంచి హాడ్లీ ప్రసరణ గాలి దిగుతూ వేడెక్కుతోంది. రెండూ కలిసే చోట, సుమారు 800-1,000 మీటర్ల ఎత్తున, కొద్ది వందల మీటర్లలోనే ఉష్ణోగ్రత ఎనిమిది పది డిగ్రీలు పెరుగుతుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ కొలిచే రేడియోసాండ్ బెలూన్ రికార్డులో ఇది చెయ్యిపెట్టి చూపగలిగేంత స్పష్టం. పైకి పోయే గీత ఎడమకు వాలుతూ వాలుతూ ఉన్నట్టుండి కుడికి విరుగుతుంది, అక్కడే తేమ గీత కుప్పకూలుతుంది.

గడి సగటులో విలోమానికి పైనున్న వెచ్చని ఎడారి గాలి కలిసిపోయింది. అలాంటి సగటుకు ఇంకా వెచ్చదనం కలపడంతో తప్పు రెట్టింపైంది. ఇక్కడ ఎత్తు సవరణను పూర్తిగా తీసేశాం. ఒడ్డు గాలి ఉష్ణోగ్రతను సముద్రపు ఉష్ణోగ్రతకు కట్టాం, పీఠభూమి ఉష్ణోగ్రతను విలోమం పైనున్న గాలికి కట్టాం. రెంటి మధ్య సరళరేఖ గీయలేదు. ఒడ్డు గాలి సగటు 17కు డిగ్రీ లోపు వచ్చింది.

సౌరశక్తి: మొదట ఎక్కువ, తర్వాత తక్కువ

విలోమం మూతలా పనిచేస్తుంది. కింది తేమ దాన్ని దాటి పైకి పోలేదు, దాని కిందే స్ట్రాటోక్యుములస్ మేఘంగా పరుచుకుంటుంది. నాలుగైదు వందల మీటర్లు కూడా మందం లేని ఆ పొర వాన కురిపించేంత ఎదగదు, మహా అయితే తుంపర. కానీ ఎండను తిప్పికొట్టడంలో దానికి సాటి లేదు. నల్లని సముద్రం తనమీద పడిన ఎండలో పదో వంతు కూడా తిప్పికొట్టదు, ఈ మేఘం సగం దాకా తిప్పికొట్టగలదు.

మేఘం ఎంత కమ్ముతుందో అంచనా వేయడానికి శాస్త్రవేత్తలు క్లైన్, హార్ట్‌మన్ 1993లో చూపిన సంబంధం వాడాం: 700 హెక్టోపాస్కల్ పీడనం (సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు) దగ్గరి, ఉపరితలం దగ్గరి పొటెన్షియల్ ఉష్ణోగ్రతల (గాలిని ఒకే పీడనానికి తెస్తే ఉండే ఉష్ణోగ్రతల) తేడా ఒక డిగ్రీ పెరిగితే, ఇలాంటి ప్రాంతాల్లో రుతువారీ మేఘావరణం సుమారు 6 శాతం పెరుగుతుంది. నెలల క్రమం దీంతో వెంటనే అర్థమైంది. ఎండ అతి తక్కువగా వచ్చేది జూన్‌లో. సముద్రం రెండు మూడు నెలలు వెనకబడి ఆగస్టు, సెప్టెంబరులో అతి చల్లగా ఉంటుంది. కాబట్టి ఆగ్నేయ పసిఫిక్ మీద మేఘం సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఎండ పుంజుకోవలసిన వేళ, శిఖరానికి చేరుతుంది. సూర్యుడి ఎత్తును మాత్రమే చూసి నెలవారీ పట్టిక రాసుకుంటే ఆ రెండు నెలల్లోనే పెద్ద దెబ్బ తగులుతుంది.

ఈ మేఘావరణపు రోజువారీ సగటును నేరుగా ఎండలోంచి కోస్తే 170 వాట్లు వచ్చింది. కొలిచినది 205. ఈసారి తప్పు రెండో వైపు. కారణం మేఘం వేళలు. ఈ పొర రాత్రి తన పైభాగం నుంచి వేడిని వెదజల్లి, చల్లబడి, తెల్లవారుజామున అతి మందంగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ ఎండ దాన్ని లోపలి నుంచి వేడెక్కించి పలచన చేస్తుంది, మధ్యాహ్నానికి ఒడ్డున చాలాసార్లు చీలిపోతుంది. రోజు సగటులో రాత్రి మేఘం కూడా లెక్కకొస్తుంది, కానీ రాత్రి మేఘం ఎండను ఆపేదేమీ లేదు. గోస్-ఈస్ట్ భూస్థిర ఉపగ్రహం పది నిమిషాలకొకసారి తీసే చిత్రాల నుంచి గంటవారీ మేఘావరణం తీసి, ప్రతి గంటనూ ఆ గంట సూర్యుడి ఎత్తుతో తూచితే 210 వచ్చింది. కొలతకు 3 శాతం లోపు. మేఘాన్ని సగటుగా చూడకూడదని, ఏ గంటలో ఉందో చూడాలని ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ దొరకదు.

మూడింటినీ కలిపి తిప్పడం

విడివిడిగా మూడూ సరిపోయాక ఇంకో పని మిగిలింది. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి కావు. నీరు చల్లబడితే విలోమం బలపడుతుంది, మేఘం పెరుగుతుంది, ఎండ తగ్గుతుంది, నీరు చల్లగానే ఉండిపోతుంది. చల్లని సముద్రానికీ వెనకున్న కాలే ఎడారికీ మధ్య పీడన తేడా పెరిగితే తీరం వెంట గాలి ఇంకా బిగుస్తుంది, అప్‌వెల్లింగ్ పెరుగుతుంది. పెద్ద వాతావరణ మోడళ్లు కూడా పెరూ-చిలీ, అంగోలా-నమీబియా తీరాల దగ్గర సముద్రాన్ని నిజానికంటే డిగ్రీల కొద్దీ వెచ్చగా చూపే చిరకాల జబ్బు ఇక్కడిదే. ఈ చక్రంలో ఎక్కడో ఒకచోట మేఘం కాస్త తగ్గినా, ఒడ్డు గాలి కాస్త సడలినా, తప్పు చక్రమంతా తిరిగి పెద్దదవుతుంది.

అందుకే గాలి నుంచి నీరు, నీటి నుంచి విలోమం, విలోమం నుంచి మేఘం, మేఘం నుంచి ఎండ లెక్కగట్టి, ఆ ఎండను మళ్లీ నీటి ఉష్ణ లెక్కలో పెట్టాం. కొన్ని చుట్లకు అంకెలు కదలడం ఆగింది. గాలిని స్తంభం కొలతకు కట్టేసి, చక్రంలో స్వేచ్ఛగా వదలకపోవడం కావాలని చేసిన పనే. బలహీనమైన కొలతలున్న చోట అన్నింటినీ వదిలేస్తే చక్రం తనకు నచ్చిన చోటికి పోతుంది.

ఒక ఏడాది కొలతను ఎంత నమ్మాలి

కొలిచిన ఏడాది మామూలు ఏడాదేనా అన్నది తర్వాతి ప్రశ్న. ఈ తీరంలో దానికి జవాబు ఎల్ నీన్యో చేతిలో ఉంటుంది. 1982-83, 1997-98 లాంటి బలమైన ఎల్ నీన్యోలలో గాలి ఆగిపోవడం వల్లే ఒడ్డు నీరు వెచ్చబడుతుందని అనుకుంటే లెక్క తప్పుతుంది. ఒడ్డు గాలి మామూలుగా వీస్తున్నా, నీరు ఉబుకుతూనే ఉన్నా, ఉబికేది వెచ్చని నీరే కావచ్చు. భూమధ్యరేఖ వెంట పడమటి నుంచి వచ్చిన కెల్విన్ తరంగం (సముద్రం లోపల సాగే పెద్ద అల) తీరాన్ని తాకి దక్షిణానికి సాగుతూ, చల్లని నీటి పైమట్టమైన థర్మోక్లైన్‌ను లోతుకు నెట్టేస్తుంది. పంపు అదే వేగంతో తిరుగుతుంది, బావిలో నీరే మారిపోతుంది.

కాబట్టి గాలి ఒక్కటే పెట్టిన సమీకరణం మామూలు ఏళ్లలో బాగానే నడిచి, ఎల్ నీన్యో ఏడాది కుప్పకూలుతుంది. దానిలో రెండో చరరాశిగా నీన్యో 1+2 ప్రాంతపు ఉష్ణోగ్రత సూచికను చేర్చాం. ఆ ప్రాంతం భూమధ్యరేఖ నుంచి 10 డిగ్రీల దక్షిణం వరకు, 80-90 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య ఉంటుంది. దూరంగా ఉన్న పాత స్టేషను 30 ఏళ్ల రికార్డుతో మన ఏడాదిని జతచేసి చూస్తే, కొలిచిన ఏడాది సాధారణం కంటే కొంచెం చల్లనిదని తేలింది. దీర్ఘకాల సగటును అందుకు తగ్గట్టు అర డిగ్రీ పైకి జరిపాం. పసిఫిక్ దాటడానికి కెల్విన్ తరంగానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ప్లాంటు నడిపేవాళ్లకు అది పనికొచ్చే ముందస్తు గడువు.

అంకెలు మార్చిన నిర్ణయాలు

ప్యానెళ్లను ఒడ్డున వేసే ఆలోచన విరమించారు. మేఘం పైఅంచు సాధారణంగా వెయ్యి మీటర్ల దగ్గరే ఆగుతుంది కాబట్టి, కొండ గోడ ఎక్కాక 1,200 మీటర్లకు పైన చోటు చూశారు. అక్కడ అదే అక్షాంశం, పది పదిహేను కిలోమీటర్ల దూరమే, కానీ మేఘం పాదాల కింద ఉంటుంది. మొదటి అంచనాలోని నిర్మలాకాశపు 265 వాట్లు అక్కడ తక్కువ అంచనాయే అవుతుంది. అటకామా పీఠభూమి ప్రపంచంలో అత్యధిక సౌరశక్తి పడే ప్రాంతాల్లో ఒకటి. కరెంటు లైను పొడవు పెరిగింది, ఉప్పు కడిగే ఖర్చు తగ్గింది, దుమ్ము తుడిచే ఖర్చు వచ్చింది.

నీటి గొట్టం విషయంలో రెండు దారులున్నాయి. అఖాతం లోపల గాలి నీడలో పెడితే నీరు రెండు డిగ్రీలు వెచ్చన, పొరలకు మేలు. కానీ పోషకాలతో ఉబికిన నీరు అక్కడ నిలిచి వెచ్చబడితే శైవలాలు దట్టంగా పెరిగి వడపోతలను మూసేస్తాయి. బయట పెడితే నీరు చల్లన, ఆక్సిజన్ తక్కువ, అయితే ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. పొరలు 15 శాతం ఎక్కువ పెట్టుకోవడం, ప్లాంటు ఆపి వడపోతలు కడగడం కంటే చవక అని బయటి చోటే ఖాయం చేశారు.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు

కాలిఫోర్నియా, మొరాకో, నమీబియా తీరాలకు ఈ వరుస కొద్ది మార్పులతో సరిపోతుంది. ఉత్తరార్ధగోళంలో నీరు గాలికి కుడివైపు జరుగుతుందని, అక్కడ తీరం వెంట గాలి ఉత్తరం నుంచి వీస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

పశ్చిమ ఆస్ట్రేలియాకు మాత్రం సరిపోదు. అక్కడా ఉపఉష్ణమండలపు పశ్చిమ తీరమే, అక్కడా వేసవిలో దక్షిణపు గాలి తీరం వెంట గట్టిగా వీస్తుంది, పైన రాసిన సూత్రంలో అంకెలు పెడితే బలమైన అప్‌వెల్లింగ్ రావాలి. కానీ పసిఫిక్ నుంచి ఇండోనేషియా దీవుల సందుల గుండా హిందూ మహాసముద్రంలోకి వచ్చే వెచ్చని నీటి వల్ల తీరానికి ఉత్తరాన సముద్రమట్టం ఎత్తుగా ఉంటుంది. ఆ వాలు వెంట లీవిన్ ప్రవాహం గాలికి ఎదురుగా, ధ్రువం వైపు, వెచ్చని నీటిని మోసుకుపోతుంది. చల్లని నీరు పైకి రావడాన్ని అది చాలావరకు అణిచేస్తుంది. హంబోల్ట్ తీరంలో ప్రవాహాన్ని పక్కనపెట్టి గాలిని చూడటం సరైన నిర్ణయం. అక్కడ అదే నిర్ణయం తీసుకుంటే నీటి ఉష్ణోగ్రత ఈసారి చల్లని వైపు డిగ్రీల కొద్దీ తప్పుతుంది. కాబట్టి కొత్త పశ్చిమ తీరం ఏది చేతికొచ్చినా, గాలి లెక్క మొదలుపెట్టే ముందు తీరం పొడవునా సముద్రమట్టపు వాలును ఉపగ్రహ ఆల్టిమెట్రీ నుంచి తీసి చూస్తున్నాం. ఆ వాలు ధ్రువం వైపు గట్టిగా దిగుతుంటే, ఎక్మన్ లెక్కలో గాలికి ఇచ్చే బరువును థర్మిస్టర్ గొలుసు కొలతలు వచ్చేదాకా ఖాయం చేయడం లేదు.